కొండ స్టేషన్‌కు వినపడని లోయ

కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడను అందరూ మిషన్లావిడ అనే పిలుస్తారు. ఆవిడ దగ్గర "నీకేం తెలుసమ్మా" అన్నవాడికి ఆ పూట మూడినట్టే. అలాంటి మనిషితో రేడియో క్లబ్బు పెద్దాయన పెట్టుకున్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే మరి.

ఆవిడకు ఇరవై ఏళ్లుగా రేడియో లైసెన్సు ఉంది. ఇల్లు ఊరి అంచున, క్వారీ వైపు. డాబా మీద ఇనపగొట్టానికి ఏరియల్, మెట్ల కింద అరలో కారు బ్యాటరీ, చెప్పుల డబ్బా అంత రేడియో. అదే ఆవిడ స్టేషన్. బళ్లకు బిగించిన చిన్న పెట్టెలు 'నేనిక్కడున్నా' అని నిమిషానికోసారి గాలిలోకి కబురు వదులుతాయి. ఆ కబురు విని మళ్లీ గట్టిగా చెప్పడమే ఆవిడ స్టేషన్ పని. దాన్ని కొండ మీది క్లబ్బు స్టేషన్ అందుకుని ఊరంతటికీ చెబుతుంది. అప్పుడు క్లబ్బులో, సభ్యుల ఇళ్లలో కంప్యూటర్ తెరల మీద మ్యాపులో ఆ బండి చుక్క కదులుతుంది.

ఆ చుక్కల్లో ఒకటి ఆవిడ ఆడపడుచుది. నర్సు. క్వారీ వెనక లోయలో స్కూటర్ మీద తిరుగుతూ మంచాన పడ్డవాళ్లకు కట్లు మారుస్తుంది. అక్కడ ఫోన్ పనిచేయదు. పోయిన వానాకాలంలో స్కూటర్ జారి కాలు విరిగితే, కదలని చుక్కను చూసి వదినే మనుషుల్ని పంపింది.

"మా కొండ ఉండగా నీ డబ్బా ఎందుకమ్మా? చెప్పిందే చెప్పి గాలంతా గోల. ఏ చుక్క పక్కన చూసినా కొండ పేరే ఉంది. నీకేం తెలుసని?" అన్నాడు పెద్దాయన. ఆదివారం సాయంత్రం అయిదులోగా ఆపకపోతే లైసెన్సు ఆఫీసుకు ఫిర్యాదు రాస్తానన్నాడు.

పెద్దాయన ఇంత చదువు చదివి ఏం లాభం? తెర మీద కనపడేది కబురును చివరగా చెప్పిన స్టేషన్ పేరే. ముందు విన్నది ఎవరో చూడాలంటే కబురు మొత్తం విప్పి చదవాలి. ఉత్తరాన్ని ఏరు దాటించినవాణ్ణి వదిలేసి పోస్ట్‌మ్యాన్‌కు దండ వేసినట్టుంది ఆయన వరస.

"ఆపేసి చూపించు వదినా. నేను లోయలో ఈ చివర దూరి ఆ చివర తేలతా," అంది ఆడపడుచు.

"పడితే?"

"పడితే లేస్తా. నువ్వు అరగంట ఆపకపోతే వాళ్లు ఎప్పటికీ ఆపేస్తారు."

ఆదివారం పొద్దున మిషన్లావిడ బ్యాటరీ వైరు పీకేసి క్లబ్బుకు వెళ్లింది. పదిమంది సభ్యులు చూస్తుండగా చుక్క క్వారీ గేటు దాకా వచ్చి ఆగిపోయింది. అయిదు నిమిషాలు. పది. ఇరవై. ఆవిడ కుర్చీని తెరకు ఇంకా దగ్గరగా జరుపుకుంది.

"టీ తాగుతోందేమోలే," అన్నాడు పెద్దాయన.

అరగంట దాటాక చుక్క లోయకు అవతల చివర తేలింది. అప్పుడు గానీ ఆవిడ కుర్చీలో వెనక్కి వాలలేదు. ఆ వెంటనే కోపం వచ్చింది.

"ఇంతసేపూ ఆ పిల్ల బతికుందో లేదో మీ కొండ చెప్పిందాండీ?"

పెద్దాయన తెర వైపు చూడలేదు. "రూలు రూలే. సాయంత్రం అయిదు," అన్నాడు.

"ఆపను. రాసుకోండి."

ఇంటికొచ్చి వైరు తగిలించింది. ఏ స్టేషనైనా పది నిమిషాలకోసారి తన తరఫున ఒక వాక్యం పంపుకోవచ్చు. ఇన్నేళ్లలో ఆవిడ ఆ వాక్యం రాసే గడి నింపనేలేదు. సాయంత్రం అయిదు కావస్తుండగా కూర్చుని టైపు చేసింది: 'లోయ కోసం నడుస్తున్న స్టేషన్. ఆపేది లేదు.' కింద తన లైసెన్సు గుర్తు. గాలిలో పేరు దాచి మాట్లాడకూడదు. ఆవిడ దాచుకునే రకమూ కాదు.

సరిగ్గా అయిదింటికి ఆ వాక్యం కొండకు చేరింది. రిలే స్టేషన్‌కు మొహమాటాలుండవు, విన్నది చెప్పడమే. పెద్దాయన స్టేషన్ ఆవిడ మాటను ఊళ్లో ప్రతి తెర మీదికీ పంపింది. పది నిమిషాలకు మళ్లీ పంపింది. ఆ మాట ఊరికి వినపడకుండా చేయాలంటే పెద్దాయన తన కొండనే ఆపుకోవాలి.