పరగడుపున ఎల్బీనగర్ దాకా

అరకు వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు, కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు రాస్తారు. మేం వెళ్ళింది వనస్థలిపురం నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కి, అక్కడి నుంచి వెనక్కి ఎల్బీనగర్‌కి, మళ్ళీ దిల్‌సుఖ్‌నగర్‌కి. మామూలు రోజుల్లో ఈ తిరుగుడంతా ఒక పూట పని. ఆ రోజు మాత్రం తెల్లవారగానే బయల్దేరి దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. అది మే నెల, తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న కాలం. ఆసుపత్రి పరీక్షల కోసం ఆ దారిన పోయేవాళ్ళకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

యాదమ్మ వదిన మా ఆయనకు అక్క. చౌటుప్పల్ దగ్గర పల్లెలో ఉంటుంది. చుట్టుపక్కల ఏ ఊళ్ళో పెళ్ళయినా పొయ్యి దగ్గర ఆమె ఉండాల్సిందే. నాలుగు నెలలుగా ఆమెకు నెలసరి ఒక పట్టాన ఆగడం లేదు. దిల్‌సుఖ్‌నగర్ డాక్టరు పొట్ట నొక్కి చూసి గడ్డ ఉందన్నాడు. వదినను బయట బెంచీ మీద కూర్చోబెట్టి నాతో మాత్రం ఇంకో మాట అన్నాడు. "మామూలు గడ్డయితే నేనే తీసేస్తాను. వేరేదైతే మాత్రం పెద్దాసుపత్రికి రాయాల్సొస్తుంది." ఆ 'వేరేది' సంగతి మా ఆయనకు చెప్పాను గానీ వదినకు చెప్పలేదు. రాత్రంతా ఫ్యాను చప్పుడు వింటూ పడుకున్నాను. మర్నాడు సాయంత్రం ఆరులోపు రిపోర్టులన్నీ డాక్టరు బల్ల మీద ఉండాలి. ఆ తర్వాత వారం పాటు ఆయన ఊళ్ళో ఉండడు.

స్కానింగ్ అయ్యేదాకా ఏమీ తినొద్దన్నారు, నీళ్ళు మాత్రం తాగొచ్చట. అందుకని టీ కూడా లేకుండా మొదటి బస్సులు తిరిగే వేళకే స్టాపులో నిలబడ్డాం. బస్సులో మా పక్కన కూర్చున్నావిడ కోస్తా వైపు మనిషి, మాటలోనే తెలిసిపోతోంది. వదిన చేతిలోని ఫైలు చూసి పలకరించింది.

"ఎల్బీనగర్లో ఇవాళ రోడ్డు మీద వంటలంటండీ. పది దాటితే బస్సులు కదలవు. తొందరగా చూపించుకుని వచ్చెయ్యండి."

ఆవిడ మా మంచికే చెప్పింది. నేను మాత్రం అక్కడి నుంచి వాచీ చూసుకుంటూనే ఉన్నాను. డ్రైవరు స్టాపులో అర నిమిషం ఎక్కువ ఆపినా నాకు ఒళ్ళు మండిపోయింది. వదిన కిటికీలోంచి మామిడికాయల లారీలు చూస్తూ, "ఈ యేడు కాయ మంచిగ కాసింది" అంది.

డాక్టరు దగ్గరి ల్యాబులో నెత్తురు తీశారు. అన్నం తిన్న రెండు గంటలకు వచ్చి మళ్ళీ ఇవ్వాలన్నారు. వాళ్ళ స్కానింగ్ మిషను పాడైంది కాబట్టి అందుకు ఎల్బీనగర్ పొమ్మన్నారు. బయటికొచ్చేసరికి స్టీలు సామాన్ల కొట్టు షట్టర్ ఎత్తుతున్నారు. పెళ్ళిళ్ళకు వాడే పెద్ద గరిటె పిడి ఊగుతోందని, పట్నంలో కొత్తది కొనాలని వదిన ఏడాదిగా చెబుతోంది. ఏదో ఒక పనైనా తెమిలిపోతుందని ఆగాను.

"గంటె తీసుకుందామా వదినా?"

"ఇప్పుడొద్దు పిల్లా. అన్నీ అయినంక జూద్దాం."

మోయడానికి బద్ధకిస్తోంది కాబోలు అనుకుని ముందుకు నడిచాను.

ఎల్బీనగర్ బస్సు కొత్తపేట దాటగానే ఆగిపోయింది. ముందు బస్సుల వరుస, దాని ముందు లారీల వరుస. కండక్టరు చేతులెత్తేశాడు. "నడిచిపోతనే నయం అమ్మా. ఇది సాయంత్రం దాకా గింతే." దిగి నడిచాం. మధ్యాహ్నం కాకపోయినా తారు రోడ్డు అప్పటికే సెగలు కక్కుతోంది. నేను ముందు, వదిన వెనక. పది అడుగులకోసారి వెనక్కి తిరిగి చూడటం, ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ తాపీగా రావడం, నేను పళ్ళు కొరుక్కోవడం. స్కానింగ్ డాక్టరమ్మ మధ్యాహ్నం దాకే ఉంటుందని ఫోన్లో చెప్పారు.

చౌరస్తా అంతా జనం. నడిరోడ్డు మీద ఇటుకలు పేర్చి పొయ్యిలు పెట్టారు. వాటి మీద నలుగురు పట్టినా లేవని గంజుల్లో ఎసరు మరుగుతోంది. డప్పులు మోగుతున్నాయి, పాటలు పాడుతున్నారు, ఎండకు కండువాలు నెత్తిన చుట్టుకున్నారు. వండుకోవడం, అక్కడే వరసగా కూర్చుని తినడం, అదే ఆ రోజు నిరసన. అంతటి జనంలో పొయ్యి దగ్గర మాత్రం ఇద్దరు ఆడవాళ్ళే పొగకు దగ్గుతూ అవస్థ పడుతున్నారు. వదిన ఆగిపోయింది.

"వంట మనిషి లేడా?"

"రాలే అక్కా," అంది అందులో పెద్దామె. "ఆయనెక్కిన బస్సును హయత్‌నగర్ల మనోళ్ళే ఆపిండ్రట."

ఇంకోరోజైతే పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. వదిన నవ్వలేదు. ఫైలు నా చేతిలో పెట్టి, కొంగు నడుముకు చుట్టింది. "జర ఆ గంటె ఇటియ్యి. పప్పు అడుగంటుతున్నది."

"వదినా, స్కానింగుకు టైమైతున్నది!"

"నువ్వు పోయి నంబరు రాయించు. పప్పుల ఉప్పేసి ఒస్త."

సందులోని స్కానింగ్ సెంటరుకు పరుగెత్తి పేరు రాయించి, తిరిగి పరుగెత్తుకుంటూ వచ్చాను. వదిన పప్పు వదిలి అన్నం దగ్గరికి చేరింది. ఇద్దరు మొగవాళ్ళు గంజు వంచుతుంటే పక్కన నిలబడి గంజి వార్పిస్తోంది. మొహం ఎర్రగా కందిపోయింది. చెంపల మీదుగా చెమట కారుతోంది. నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈమె ప్రాణం కోసం ఈమెకు లేని ఆత్రం నాకెందుకని అక్కడే కూలబడాలనిపించింది.

"కడుపుల గడ్డ పెట్టుకొని పొయ్యి కాడ నిలవడ్డవా? నీకేమన్న సోయి ఉన్నదా?"

డప్పుల మధ్య కూడా నా గొంతు వినపడింది. నలుగురూ తిరిగి చూశారు. ఎర్ర చొక్కా వేసుకున్న ఒకాయన గబగబా వచ్చాడు. "దవాఖానకా అక్కా? ముందే చెప్పొద్దా! అరే, తొవ్వ ఇడువుండ్రి!" జనం రెండుగా చీలి దారిచ్చారు. అయినా వదిన మళ్ళీ పప్పు దగ్గరికే పోయింది. గరిటెతో చుక్క పప్పు అరచేతిలో వేసుకుని నాలుక్కి తగిలించింది. కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆలోచించి, ఇంకో గుప్పెడు ఉప్పు వేయించింది. "ఇగ పోదాం పా."

మేం సెంటరు మెట్లెక్కుతుంటే కరెంటు పోయింది. వేసవి కోత. జనరేటరు ఫ్యాన్లకే గానీ మిషనుకు చాలదట. ఒక్క పది నిమిషాల ముందొచ్చి ఉంటే పనైపోయేదన్న మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చి కూర్చుంది.

"మీరు పోతరేమో మేడం?" అన్నాను బెదురుగా.

"రోడ్డంతా మూసేశారుగా, నేను మాత్రం ఎక్కడికి వెళ్తానమ్మా? కరెంటు రానివ్వండి. చూసే వెళ్తాను."

పొద్దుటి నుంచీ నేను తిట్టుకుంటున్న ఆ రాస్తారోకోయే డాక్టరమ్మను కదలకుండా కూర్చోబెట్టింది. ఇక మిగిలింది నీళ్ళ బాధ. స్కానింగుకు మూత్రం ఆపుకోవాలి కదా, సీసా మీద సీసా తాగించాను. వదిన కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. వరండాలో అటూ ఇటూ తిరిగింది. గోడకు ఆనుకుని కాళ్ళు పెనవేసుకుంది. "పిల్లా, ఇగ నాతోని గాదు." "జర ఆగు వదినా, నీ కాళ్ళు మొక్కుత." కరెంటొచ్చి ఫ్యాన్లు ఒక్కసారిగా జోరందుకోగానే నేను చిన్నపిల్లలా అరిచాను.

లోపల డాక్టరమ్మ నుదురు చిట్లించింది. "పొగ వాసన వస్తోంది. ఏమైనా తిన్నారా?"

"తినలే. ఉప్పు జూసిన. ఉప్పు జూసుడు తినుడైతదా?"

డాక్టరమ్మ నవ్వి, కాదులే అంది. తర్వాత మిషను వైపు తిరిగి చాలాసేపు తెర మీదే చూసింది. ఆ మొహంలో ఏమైనా దొరుకుతుందేమోనని వెతికాను, ఏమీ దొరకలేదు. "మీ డాక్టరుగారికి చూపించండి" అని మాత్రం చెప్పింది. కవరు తెరిచి చూస్తే అందులోని ఇంగ్లీషు ఒక్క ముక్క కూడా నాకు అర్థం కాలేదు. ఎందుకు తెరిచానా అనిపించింది.

చౌరస్తాలో భోజనాల బంతులు సాగుతున్నాయి. వదినను చూడగానే పెద్దామె విస్తరాకు వేసింది. కాలే రోడ్డు మీద గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాం. నేను ఒళ్ళో కవరు పెట్టుకుని మెతుకులు కెలికాను. వదిన మాత్రం మారడిగి తింది. పక్కనున్నాయన పప్పు బాగుందని అంటే మెల్లగా చుట్టూ చూసింది, తింటున్న ఆ వరసలన్నిటినీ. అంత నెమ్మదిగా ఏం చూస్తోందో నాకు అర్థం కాలేదు. అడిగే ఓపికా లేదు.

బస్సులు కదిలాక దిల్‌సుఖ్‌నగర్ చేరాం. రెండోసారి నెత్తురు ఇచ్చాం. సాయంత్రం డాక్టరు స్కానింగ్ కాగితం రెండుసార్లు చదివాడు.

"మామూలు గడ్డల్లాగే ఉన్నాయమ్మా. భయపడాల్సిందేం కనపడటం లేదు. షుగరూ బాగానే ఉంది. నేను రాగానే తీసేద్దాం."

నేను ఏడ్చేశాను. వదిన నా వీపు నిమిరింది. బయటికి రాగానే మాత్రం నాకంటే ముందు నడిచింది, పొద్దుటి నుంచి మొదటిసారి. తిన్నగా స్టీలు సామాన్ల కొట్టులోకి వెళ్ళి, ఉన్నవాటిలో అన్నిటికంటే పొడుగు గరిటె ఏరి, గాల్లో తిప్పి చూసి, "గిది కట్టు" అంది.

ఇంటికి వెళ్ళే బస్సు కిక్కిరిసి ఉంది. గరిటె పిడి ఒకాయన వీపుకు గుచ్చుకుంది. కండక్టరు చూసి, "గీ గంటెకు గూడ టికెట్ తియ్యాలె అమ్మా" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఎల్బీనగర్లో జనం దిగాక మాకు సీటు దొరికింది. కిటికీలోంచి చౌరస్తా కనపడింది. పొయ్యిలు తీసేశారు. రోడ్డు మీద నల్లటి మసి మరకలు మిగిలాయి. వదిన వాటి వైపే చూస్తూ మాట్లాడింది.

"పొద్దుగాల నీకు మస్తు కోపమొచ్చింది గదా."

"రాదా మరి? పానం మీదికొస్తే పప్పు కలుపుకుంట నిలవడితివి."

"కాయితం మంచిగ రాకుంటె, అంత పెద్ద గంజు మల్ల కలుపుతనో లేదో అనుకున్న. అందుకే ఆగిన పిల్లా."

నేను దాచాననుకున్న మాటను ఆమె ఎలాగో పసిగట్టి, పొద్దుటి నుంచీ ఒక్కతే మోసింది. గరిటె కొనకపోవడం కూడా అందుకేనని అప్పుడు అర్థమైంది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. అరచేతికి ఇంకా పొగ వాసన ఉంది. కాసేపటికి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది, ఒళ్ళో గరిటె పెట్టుకునే.

మా స్టాపు వచ్చింది. కండక్టరు స్టాపు పేరు రెండుసార్లు అరిచాడు. పొద్దుటి నుంచి ఒక్క నిమిషం ఆగలేనిదాన్ని, అప్పుడు మాత్రం లేవలేదు. బస్సు స్టాపు దాటి ముందుకు వెళ్ళిపోయింది.