తొంభై మూడో కారుకు ముగ్గురు పిల్లలు

మాంగ్ దూలోకు ఎన్ని భాషలొచ్చని అడిగితే, చేతివేళ్ళు చాలవని కాలిజోళ్ళు విప్పుతాడు. దారితప్పిన జర్మన్ కుక్కనొకదాన్ని దాని భాషలోనే ఓదార్చి ఇంటికి పంపాడట. కుక్క అతని వ్యాకరణాన్ని మెచ్చుకుందట కూడా. చూసినవాళ్ళెవరూ లేరు. దూలోయే చెప్పాడు కనుక నమ్మాలి.

అతనిది, పెద్దవాళ్ళని మర్యాదగా 'మాంగ్' అని పిలిచే మనీలాలో, బడి గేటు దగ్గర కాపలా. అది ఒక బడి కాదు, ఒకే ఆవరణలో కాపురముంటున్న ఫ్రెంచి బడీ, జర్మన్ బడీ. మైదానం ఒకటే, క్యాంటీనూ ఒకటే, గేట్లు మాత్రం రెండు. ఆగస్టు వానలకు జర్మన్ల గేటు ముందు రోడ్డు కుంగిపోవడంతో, మధ్యాహ్నం మూడింటికి రెండు బళ్ళ పిల్లలూ దూలో గేటు మీదనే పడ్డారు. ప్రతి కారు అద్దానికీ ఒక నంబరు. దూలో మెగాఫోనులో ఆ నంబరు పిలవాలి, ఆ కారు పిల్లవాడు వచ్చి ఎక్కాలి. ఇంగ్లీషులో పిలుద్దామని ఎవరో అన్నందుకు ప్రిన్సిపాళ్ళిద్దరూ ఒక్కటై మండిపడ్డారు. వాళ్ళు ఒక్కటవడం అదే మొదలు. చివరికి ఏ బడి పిల్లల్ని ఆ బడి భాషలోనే పిలవాలని తేల్చారు.

"నాకు వదిలెయ్యండి చీఫ్," అన్నాడు దూలో, కాపలాదారుల మీద పెద్దయిన పురిటాతో. "పదకొండేళ్ళుగా వింటున్నా. రెండూ నాకు కొట్టిన పిండి."

మొదటిరోజు మొదటి కారు తొంభై మూడు, ఫ్రెంచి బడిది. ఫ్రెంచివాళ్ళకు తొంభై మూడు అనే మాట లేదు. నాలుగిరవైల పదమూడు అంటారు. చిన్నపిల్లలకు బాగా వినపడాలని దూలో ఒక్కో ముక్కా విడదీసి, గాలి పీల్చుకుంటూ పిలిచాడు: "నాలుగు... ఇరవై... పదమూడు!"

నాలుగో నంబరు పిల్లవాడొచ్చాడు. ఇరవయ్యో నంబరు పిల్ల వచ్చింది. పదమూడో నంబరువాడు సంచీ ఈడ్చుకుంటూ వచ్చాడు. ముగ్గురూ బుద్ధిగా తొంభై మూడో కారెక్కి కూర్చున్నారు.

ఆ కారులోని ఆయా నెనింగ్ తల బయటపెట్టింది. "దూలో అన్నా! పొద్దున మేం దింపింది ఒక్కణ్ణే కదా! మీ బడిలో పిల్లలు పిల్లల్ని పెడుతున్నారా?"

తర్వాత జర్మన్ల యాభై మూడు. వాళ్ళు తలకిందులుగా 'మూడూ యాభై' అంటారు. మూడో నంబరూ యాభయ్యో నంబరూ చెయ్యి చెయ్యి పట్టుకుని వచ్చాయి.

అందరూ ఎవరిళ్ళకు వాళ్ళు చేరేసరికి అయిదున్నర.

"రేపూ ఇదే గోల అయితే," అంది పురిటా, "ఇక్కడ నంబర్లు చూపే లైట్ల బోర్డు పెట్టిస్తారట. నువ్వు వెనక జనరేటరు గదికి."

"అక్కడ నేనెవరితో మాట్లాడాలి చీఫ్?"

"బల్లులున్నాయిగా. వాటి భాష కూడా నీకొచ్చు కదా."

మర్నాడు ప్రిన్సిపాళ్ళిద్దరూ స్వయంగా గొడుగులతో వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు, ఫ్రెంచి మేడమ్ కెర్వెలా ఒకవైపు, జర్మన్ దొర ఓడెన్‌తాల్ ఇంకోవైపు. మళ్ళీ ముందుగా తొంభై మూడే వచ్చింది. ముక్కలు చేస్తేనే కదా చిక్కు అని పొద్దుటినుంచీ సాధన చేసిన దూలో, ఈసారి మొత్తం ఒక్క ఊపిరిలో అనేశాడు. మాటలన్నీ కలిసి పప్పుముద్ద అయ్యాయి. ఒక్క పిల్లవాడూ కదల్లేదు. వెనక కార్లు హారన్లు మోగించాయి. దూలో ఇంకోసారి అన్నాడు. మేడమ్ మొహం చిట్లించింది.

నెనింగ్‌కు ఓపిక పోయింది. "అయ్యో నా తల్లీ! చేపల సంతలో కేకేసినట్టు వెయ్యరాదూ అన్నా? నోబెంటా ఇ త్రేస్!"

అంతే, గుంపులోంచి తొంభై మూడో నంబరువాడు, ఆమె పెంచుతున్న అనతోల్, గెంతుకుంటూ వచ్చేశాడు. వాడికి లెక్క నేర్పిందెవరు మరి? ముద్ద ముద్దకీ లెక్కపెడుతూ అన్నం తినిపించిన ఆయానే.

దూలో నిమిషం ఆలోచించలేదు. జర్మన్ల యాభై మూడుకు "సింక్వెంటా ఇ త్రేస్!" అని అరిచాడు. జర్మన్ పిల్ల వీబ్కే పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్లకూ ఇంట్లో ఆయా ఉంది. మరి అందరికీ ఉంది. ఇరవై నిమిషాల్లో వాకిలి ఖాళీ. దూలో లెక్కలో అయితే ఏడు నిమిషాలే.

"అదేం భాష?" అడిగింది మేడమ్.

"మా సంత లెక్క మేడమ్. ఒకప్పుడు మమ్మల్నేలిన స్పెయిన్ వాళ్ళు ఓడెక్కే తొందరలో ఇక్కడ మరిచిపోయారు."

"ఫ్రెంచి కాదు కదా?" అన్నాడు ఓడెన్‌తాల్.

"కానే కాదు సార్."

"జర్మన్?" అంది మేడమ్.

"దాని దరిదాపుల్లో లేదు మేడమ్."

"అయితే నాకభ్యంతరం లేదు," అన్నారిద్దరూ ఒకేసారి, ఎవరి భాషలో వాళ్ళు.

వాళ్ళటు వెళ్ళగానే పురిటా చెయ్యి చాపింది. "ఆ మెగాఫోను ఇలా తే."

దూలో గుండె జారింది. దాన్ని పసిబిడ్డలా పొదువుకున్నాడు. "అదేంటి చీఫ్! ఇప్పుడేగా వాళ్ళు సరేనన్నది?"

"బ్యాటరీలు మార్చాలయ్యా మహానుభావా. చివరి నంబరుకి దోమలా గుయ్‌మంది."

దూలో గుండె మళ్ళీ చోటికొచ్చింది, దానితోపాటు గొప్పలు చెప్పే నోరూ వచ్చింది.

"అవి నిన్ననే అయిపోయాయి చీఫ్. మీరు విన్నదంతా నా సొంత గొంతు."