మొగులప్ప అడుగులు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను వికారాబాద్ నుంచి తాండూరు వైపు వేశారు. ముప్పై ఏళ్లుగా ఫిజియోథెరపిస్టును. కొత్త హోదా మాత్రం ‘క్షేత్ర సమన్వయకర్త’. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారికి ఒక నగర సంస్థ పన్నెండు వారాల ఆన్‌లైన్ జీవనశైలి తరగతులు మొదలుపెట్టింది. వారానికోసారి ఫోనులో పాఠం, చేతికి అడుగులు లెక్కపెట్టే బ్యాండు, పదిహేను రోజులకోసారి నేను ఇంటికి వెళ్లి వ్యాయామం చేయించడం.

పాఠం చెప్పే డైటీషియన్ మంచి అమ్మాయే. ఆలివ్ నూనె, అవకాడో అయ్యాక మూడో వారంలో జొన్నరొట్టె దగ్గరికి వచ్చి, దాన్ని తానే కనిపెట్టినంత ఉత్సాహంగా వివరించింది. ఆ రోజు నేను కరణ్‌కోటలో నా రోగుల్లో ఒకడైన మొగులప్ప ఇంట్లో ఉన్నాను. అతని భార్య అంజమ్మ చేతులకు అప్పటికే జొన్నపిండి అంటుకుని ఉంది. “గీమె మనకు రొట్టె జేసుడు నేర్పుతున్నది” అంది భర్తతో. మొగులప్పకు మాట సరిగా రాదు, నవ్వు మాత్రం వచ్చింది.

గనిలో లారీ నడిపిన మనిషి. కుడి పక్క పడిపోయింది. కండర బలానికి మేం సున్నా నుంచి ఐదు వరకు గ్రేడు వేస్తాం. అతని కుడి కాలిది మూడు. అంటే కాలు తనంతట లేస్తుంది. వేలితో నొక్కితే కిందికి పోతుంది.

ఆరో వారం సమీక్షలో సంస్థ డైరెక్టర్ తెర మీద మొగులప్ప పేరు చూపించారు. రోజుకు తొమ్మిది వేల అడుగులు. పక్కన ఆకుపచ్చ నక్షత్రం, కింద సమన్వయకర్తగా నా పేరు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. గ్రేడు మూడు కాలు తొమ్మిది వేల అడుగులు వేయలేదన్న సంగతి చప్పట్లు అయ్యాక గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ల అనుభవం అంటే అదీ.

మర్నాడు చెప్పకుండా వెళ్లాను. మొగులప్ప మంచం మీద ఉన్నాడు, చేతికి ఏమీ లేదు. కాసేపటికి అంజమ్మ కందిచేనులో కలుపు తీసి వచ్చింది. బ్యాండు ఆమె గాజుల మధ్య ఉంది. అడిగితే దాచలేదు.

“మొదలు ఆయనకే కట్టిన మేడం. అడుగులు తక్కువైతున్నయ్, పేరు తీసేస్తమని ఫోన్ జేసిండ్రు. పేరు తీసేస్తే మీరు రారు గదా. అందుకే నేను పెట్టుకున్న.”

సంచిలోంచి బీపీ మిషన్ తీసి మొగులప్పకు చూశాను. మాత్రలు సరిగా వేసుకుంటున్నాడు, బాగానే ఉంది. ఎందుకో ఆమెకూ కట్టాను. వచ్చిన అంకె నచ్చలేదు. పది నిమిషాలు కూర్చోబెట్టి రెండో చేతికి చూశాను, తగ్గలేదు. భర్తకు పక్షవాతం వచ్చిన నాటి కాగితంలో కూడా దాదాపు ఇంతే ఉంది. “తలకాయ నొస్తది గని, నిద్ర చాలక అనుకున్న” అంది.

భర్తను పక్కింటివాళ్లకు అప్పగించి, ఆ పూటే ఆమెను తాండూరులో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. మాత్రలు మొదలయ్యాయి.

జరిగినదంతా సంస్థకు రాసి, రోగుల ఇంట్లో సేవ చేసేవాళ్లనూ చూడమని కోరాను. ఒక అధికారి ఫోన్ చేశాడు. ఇది స్ట్రోక్ వచ్చినవారి కార్యక్రమమనీ, అంజమ్మకు అర్హత లేదనీ మర్యాదగా చెప్పాడు. వచ్చేదాకా ఆగాలా అని అడిగాను. కమిటీ ముందు పెడతానన్నాడు. అడుగుల లెక్కలు మార్చినా, కొత్తవాళ్లను చేర్చినా నివేదిక దెబ్బతింటుందని కమిటీ తేల్చింది.

పన్నెండో వారానికి మొగులప్ప కర్రతో గుమ్మం నుంచి వీధి దాకా పోయి తిరిగి వచ్చేవాడు. నలభై అడుగులు ఉంటాయేమో. నిజంగా అతను వేసినవి అవే. అవి ఏ తెర మీదా కనపడలేదు. అత్యధిక అడుగుల ప్రశంసాపత్రం మాత్రం అతని పేరనే వచ్చింది. కుడి చెయ్యి లేవదు కనుక అంజమ్మే సంతకం పెట్టి తీసుకుంది.

ఆ తర్వాత నేను ఏ ఇంటికి వెళ్లినా రోగితో పాటు, రోగిని లేపి కూర్చోబెట్టే మనిషి బీపీ కూడా చూసేదాన్ని. ఫారంలో దానికి గడి లేదు. అంచున పెన్నుతో రాసేదాన్ని.