వంజరం ముక్కల ముందు ప్రార్థన

మా కుక్కను సోమవారం నాడు మాధవరంలో ఉండే మా ఆయన స్నేహితుడికి ఇచ్చేయాలని తేల్చేసుకున్నాం. అంతకు ముందు వారమే మా అత్తమ్మ నెల్లూరులో మా బావగారి ఇల్లు వదిలి, రాయపురంలోని మా రెండు గదుల ఇంట్లో ఇక ఉండిపోవడానికి వచ్చింది. వచ్చిన రోజే గడపలో నిలబడి కుక్కను చూసి, "శుక్రవారం స్త్రీల ప్రార్థన మనింట్లో పెడదామంటివే! ఈ బొచ్చు మీదనా అమ్మగార్లని కూర్చోబెట్టేది?" అంది.

ఆమె మాట కొట్టేయడం మాకెవరికీ చేతకాదు. నలభై ఏళ్ళు సండే స్కూలు నడిపిన మనిషి. ప్రార్థనలో కళ్ళు తెరిచిన పిల్లను ఆమెన్ అనగానే లేపి నిలబెట్టేదట. లేఖనాల్లో చూద్దామంటే కుక్కకు అంత మంచి పేరేమీ లేదు. రెండు రాత్రులు వెతికి, చెప్పడానికి ఏమీ దొరక్క ఊరుకున్నాను.

మా పాప మాత్రం అన్నం మానేసింది. రెండేళ్ళ కిందటి వానల్లో వీధిలోంచి దాన్ని ఎత్తుకొచ్చింది తనే. కూతురి మొహం చూడలేక మా ఆయన ఫోన్లో ఒక ఇల్లు వెతికి పట్టుకున్నాడు. పళవేర్కాడు దాటాక ఒక చేపల ఊరు, సముద్రానికి ఎదురుగా పెంకుటిల్లు. కుక్కను తెచ్చుకోవచ్చు, వంట మాత్రం మనమే చేసుకోవాలి. "పోయేలోపల మూడు రోజులు దాంతో ఆడుకోనీ" అన్నాడు. ఆ మూడు రోజుల్లో అత్తమ్మ మనసు మార్చమని నేను లోలోపల దేవుణ్ణి అడగడం మొదలుపెట్టాను.

"ఊరుగాని ఊరికి పోయి, ఆడగూడా నేనే పొయ్యి ముందర నిలబడాల్నా? దానికి ఇంట్లోనే ఉంటే పోలా?" అంది అత్తమ్మ. అంటూనే బియ్యం, కుక్కరు, పెనం, మసాలా డబ్బా, ఆవకాయ జాడీ మూట కట్టింది. ఒకటే షరతు పెట్టింది. గురువారం పోయి శనివారం సాయంత్రానికి తిరిగి రావాలి. ఆదివారం ఆరాధన తప్పకూడదు.

ఆ ఇంట్లో ఒక గ్యాసు పొయ్యి, నాలుగు పళ్ళేలు, ఎంత ఊడ్చినా పోని ఇసుక ఉన్నాయి. ఊరికంతా ఒకటే అంగడి. బిస్కెట్లు, కొవ్వొత్తులు, సబ్బులు తప్ప ఇంకేమీ దొరకవు. అత్తమ్మ నులకమంచం వసారాలో వేయించుకుని, చేతికర్రతో ముందున్న ఇసుకలో గీత గీసి కుక్కతో చెప్పింది. "ఇదో, ఇది దాటినావంటే చూడు."

కుక్క వచ్చి గీతకు అవతల పడుకుని, ముక్కు సరిగ్గా గీత మీద పెట్టుకుంది.

"అవ్వా, అది దాటలేదు చూడు" అంది పాప.

"దాటలేదులే. ముక్కు ఎవురిది మరి?"

సాయంత్రానికి గాలికి గీత చెరిగిపోయింది. ఆమె లేచి మళ్ళీ గీసింది. మొత్తం ఎన్నిసార్లు గీసిందో నేను లెక్కపెట్టలేదు గానీ, ఒకసారి గీయడం మరిచిపోయి కూడా కుక్కను తరమకుండా పడుకుంది. నాకు కొంచెం ఆశ పుట్టింది. కానీ రాత్రి భోజనాల దగ్గర, "సోమవారం ఆయన ఎన్ని గంటలకు వస్తాడు?" అని కొడుకును అడిగింది.

మరుసటి రోజు శుక్రవారం. శుక్రవారాలు మధ్యాహ్నం దాకా అత్తమ్మ ఉపవాసం ఉంటుంది. నీళ్ళు తప్ప ఏమీ ముట్టదు. ఆ ఇంటిని చూసుకునే ఆమె పొద్దున్నే పడవ దగ్గర్నుంచి మంచి వంజరం చేప తెచ్చి, కడిగి ముక్కలు కోసి ఇచ్చింది. ఉపవాసంతోనే అత్తమ్మ కారం పట్టించి, పెనం మీద ఎర్రగా వేయించింది. ఆ వాసనకు మా ఆయన రెండుసార్లు వంటింట్లోకి వచ్చి రెండుసార్లూ చీవాట్లు తిన్నాడు.

బల్ల లేదు కాబట్టి ముందుగదిలో చాప పరిచి, మధ్యలో చేపల పళ్ళెం పెట్టుకున్నాం. కరెంటు లేదని తలుపు బార్లా తీసి ఉంచాం. కుక్క గడప దగ్గర కూర్చుంది. అత్తమ్మ ప్రార్థన మొదలుపెట్టింది.

ఆమె భోజనపు ప్రార్థన తెలిసినవాళ్ళు ముందే కాస్త తిని కూర్చుంటారు. సంఘంలోని రోగులు, పరీక్షలు రాసే పిల్లలు, పెళ్ళి కుదరని ఆడపిల్లలు, సముద్రం మీద పోయిన మగవాళ్ళు, అందరూ వరసగా వస్తారు. ప్రార్థన రోగుల దగ్గర ఉండగా పళ్ళెం చిన్నగా గీసుకున్న చప్పుడైంది. అత్తమ్మ గొంతు ఒక్క క్షణం ఆగింది. తరవాత ఇంకొంచెం గట్టిగా సాగింది. నేను కళ్ళు తెరవలేదు. ఆమె ముందర తెరిచే ధైర్యం నాకు లేదు.

ఆమెన్ అని చూసేసరికి పళ్ళెంలో రెండు ముక్కలు లేవు, అన్నిటికంటే పెద్దవి. కుక్క ఇప్పుడు చాప అంచునే ఉంది, నోటినుంచి చొంగ కారుతోంది.

"చూసినావా, తినేసింది!" అన్నాడు మా ఆయన. పాప మొహం పాలిపోయింది. నాకూ అదే అనిపించింది. అయిపోయింది, ఇక ఎవరూ దీన్ని కాపాడలేరు అనుకున్నాను.

అత్తమ్మ చెంగుతో నుదురు తుడుచుకుంది. కోపమొచ్చిందనే అనుకున్నాను.

"అది గాదు" అంది చివరికి. "పిల్లి. కిటికీలోంచి వచ్చింది, తలుపులోంచి పోయింది."

"నీకెట్లా తెలుసు అవ్వా?" అంది పాప.

"నేను చూసినా."

"కళ్ళు తెరిచినావా!"

"తెరిచినాలేవే. కడుపు కాలతా ఉండె, ఆ వాసన వస్తా ఉండె, తెరిచినా. ఏం, నన్నూ లేపి నిలబెడతావా?" అంది. నవ్వాలో వద్దో మాకు తెలియలేదు. ఆమె కుక్క వైపు తిరిగి, గొంతు తగ్గించి చెప్పింది. "పిల్లి దీని ముక్కు ముందర్నే పోయింది. ఇది వణికిపోయింది గానీ కదల్లా. నేను ఆమెన్ అన్నాకనే చాప దగ్గరికి వచ్చింది."

అప్పుడు మాకు వెలిగింది. రెండేళ్ళుగా రోజూ కుటుంబ ప్రార్థన అయ్యాకే దానికి అన్నం పెడతాం. ఆమెన్ వినకుండా అది ఏ రోజూ తిన్నది లేదు. మేమెవరం ఆ సంగతి గమనించనే లేదు.

ఆ మధ్యాహ్నం గురించి నేను చాలాసార్లు తలచుకుంటాను. ఆమె నోరు మూసుకుని కూర్చుంటే చాలు, కోరుకున్నది జరిగిపోయేది, నలభై ఏళ్ళ మర్యాదా నిలిచేది. దాన్ని ప్రేమించే మేం ముగ్గురం దాని మీద నేరం మోపాం. దాన్ని వద్దన్న మనిషి దాని పక్షాన సాక్ష్యం చెప్పింది. దేవుడు నా ప్రార్థన విన్నాడనే నమ్ముతాను. కానీ అన్ని రోజులూ మెత్తబడాలని నేను అడిగింది ఆమె మనసు గురించే, నా మనసు గురించి అడగనేలేదు.

"అబ్బయా, ఆ మాధవరం ఆయనకు రావద్దని చెప్పు" అంది అత్తమ్మ, ఒక ముక్కలో ముల్లు తీస్తూ. "శుక్రవారాలు మాత్రం ఇది వసారాలోనే ఉండాల. అమ్మగార్లు పోయినాక లోపలికి రానీండి."

ముల్లు తీసిన చేపను అన్నంలో కలపబోయి, చెయ్యి ఆపి నన్ను అడిగింది.

"ఇంత కారం పడతదంటావా దీనికి?"

"పడదు అత్తమ్మా."

ఆమె లేచి, ముక్కను కుళాయి కింద కడగడానికి వంటింట్లోకి వెళ్ళింది.