చెరువుగట్టు మీద కాక్‌పిట్

జెట్ ట్రైనింగ్‌లో నేనొక చెక్ ఫ్లైట్ పరీక్ష ఫెయిలయ్యాను. వెనక సీట్లో కూర్చున్న ఇన్‌స్ట్రక్టర్ దారి పొడుగునా తిడుతూనే ఉన్నాడు. నాకు తిక్క రేగింది. ఆ మంటలో దిగేముందు చక్రాలు దించడం మర్చిపోయాను. ఆయనే విమానం తన చేతిలోకి తీసుకుని మళ్ళీ పైకి లేపాడు.

"ఇంకోసారి ఇలా చేస్తే ఫైటర్లు మర్చిపో. సామాన్లు మోసే విమానాలకు పంపిస్తా."

మళ్ళీ చెక్ పెట్టేలోగా వారం సెలవు దొరికింది. హైదరాబాద్ వెళ్తే ఫ్రెండ్స్ వదలరు. ఏలూరులో రైలు దిగి, ఆకివీడు దగ్గర చేపల చెరువులున్న పెద్దమ్మ వాళ్ళింటికి బస్సెక్కాను. దారంతా కొత్త కెమెరా ఫోన్‌తో కొంగల్నీ, లారీల్నీ తీస్తూనే ఉన్నాను.

పైలట్లకు ఒక పద్ధతి ఉంది. విమానం లేనప్పుడు కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని ఫ్లైటంతా నడపాలి. ఎడమచెయ్యి ఇంజన్ జోరు పెంచే థ్రాటిల్ మీద, కుడిచెయ్యి విమానాన్ని తిప్పే స్టిక్ మీద ఉన్నట్టే కదలాలి. చేసే ప్రతి పనీ పైకి చెప్పుకోవాలి. ఇంట్లో టీవీ గోల భరించలేక కుర్చీ గట్టు మీదకు మోసుకెళ్ళాను.

టేకాఫై ఎడమకు తిరుగుతున్నాను. ముఖం మీద చల్లగా నీళ్ళు పడ్డాయి. కళ్ళు తెరిస్తే, చేపలకు మేత వేసే ఆవిడ వేపమండ పట్టుకుని నిలబడి ఉంది. వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు.

"కదలకండి బాబుగారూ, తగ్గిపోద్ది."

"ఏంటి తగ్గేది?"

"గాలి సోకిందండి. ఇందాకట్నించీ చూత్తన్నాం. చేతులు తిప్పేత్తన్నారు, ఇంగిలీసులో ఏదో అంటన్నారు."

"నేను విమానం నడుపుతున్నాను!" అని అరిచాను.

"అలాగేనండి, నడపండి" అని ఆవిడ ఇంకో రెండు చుక్కలు చల్లింది.

కేకలు విని పెద్దమ్మ పరిగెత్తుకొచ్చింది. సంగతి చెప్తే గట్టు మీదే కూలబడి నవ్వింది. ఆ నవ్వు చూసి నాకూ కోపం నిలవలేదు. ఫెయిలైన సంగతి కూడా అప్పుడే చెప్పేశాను.

"వెనకాల కూర్చుని ఎవరన్నా తిడితే నీకు చక్రాలు గుర్తుండవు. అంతేనా? తిట్టడానికి నేను చాలనట్రా?"

మర్నాడు నా వెనక ఇంకో కుర్చీ వెలిసింది. పెద్దమ్మ అందులో కూర్చుని ముందు నా ఫోన్ లాక్కుంది.

"ఏవండీ పైలట్ గారూ, ఆ మెడేంటండీ, కొంగలాగా? అయ్యో, ఎవరో అమ్మాయి ఫోన్ చేస్తోంది!"

చటుక్కున వెనక్కి తిరిగాను. ఫోన్ మోగనే లేదు.

"చక్రాలేవిరా?" అంది.

కుర్చీ ఎత్తి విసిరేశాను.

"విసిరితే విసిరావు గానీ, తెచ్చుకుని మళ్ళీ కూర్చో. నాకవతల వంటుంది."

రోజూ ఇదే భాగోతం. మేత వేయడం అయ్యాక ఆ ముగ్గురూ కూడా పడవ దిగొచ్చి చేరేవాళ్ళు. "కుడిపక్క పిట్టలండీ బాబూ!" అని ఒకావిడ, "ఇంజన్లో పడిపోయాయండీ!" అని ఇంకొకావిడ. సెలవు ఆఖరి పొద్దున నలుగురూ ఒక్కసారే మొదలుపెట్టారు. చెవులు వేడెక్కిపోయాయి. అయినా ఎడమచెయ్యి తనంతట తనే ముందుకు, చక్రాలు దించే మీట ఉండే చోటికి వెళ్ళింది.

"వీల్స్ డౌన్" అన్నాను.

"అన్నీ దిగాయా?"

"మూడూ దిగాయి పెద్దమ్మా."

చెక్ ఫ్లైట్ రోజు ఇన్‌స్ట్రక్టర్ గాల్లోకి లేవగానే అందుకున్నాడు. దిగడానికి రన్‌వే వైపు తిరిగినా ఆపలేదు. "అది స్టిక్కా, చపాతీ కర్రా?" పెద్దమ్మ ముందు ఈయనెంత! మాస్కులోనే నవ్వొచ్చింది.

"ఎందుకు నవ్వుతున్నావ్?"

"వీల్స్ డౌన్ సర్. మూడు లైట్లూ గ్రీన్."

దిగాక ఆయన హెల్మెట్ తీసి, "ఫైటర్స్" అని ఒక్క మాటన్నాడు.

లాకర్లోంచి ఫోన్ తీసి పెద్దమ్మకు చేశాను. విషయం వినగానే ఆవిడ చెరువువైపు తిరిగి కేకేసినట్టుంది. అవతల్నుంచి ఈలలు, పడవ అంచు మీద దబదబ చప్పుళ్ళు, నలుగురూ ఒకేసారి మాట్లాడడం. ఒక్క ముక్కా అర్థం కాలేదు. బ్యాలెన్స్ అయిపోయేదాకా చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను.