భుజాల మీది కాపరితనం

సెర్బియాలోని ఆ ఊరి చర్చికి బిషప్పు వచ్చినప్పుడల్లా వడ్రంగి రాడిసావ్‌ది ఒకటే పని. సువార్త చదవబోయే ముందు బిషప్పు భుజాల మీది వెడల్పాటి వస్త్రాన్ని తీసి పట్టుకునేవాడు.

"అది మందను కాసే కాపరి గుర్తు. సువార్తలో అసలు కాపరి క్రీస్తే మాట్లాడేటప్పుడు ఎంత బిషప్పయినా అది దించి వినాల్సిందే," అని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు.

ఇంట్లో మాత్రం అతని మాటే చెల్లాలి. ఒక ఆదివారం భోజనాల దగ్గర కూతురు యెలిసావెత ఏదో చెప్పబోతే కసిరాడు.

"నేను మాట్లాడుతుంటే మధ్యలో నీకేంటి?"

భార్య పెర్సిదా గరిటె కింద పెట్టింది.

"ఇన్నేళ్లుగా బిషప్పు భుజాల మీది గుడ్డ దించుతున్నావు. నీ భుజాల మీది పెద్దరికం ఏనాడైనా దించావా?"

రాడిసావ్ కుర్చీని కూతురి వైపు తిప్పుకున్నాడు. "చెప్పమ్మా," అన్నాడు.

నాన్న వింటుంటే మాట్లాడే అలవాటు లేని ఆ పిల్లకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.