వెంకటేశం పెన్‌డ్రైవ్

వెంకటేశం మెడలో ఐడీ కార్డుతో పాటు ఒక పెన్‌డ్రైవ్ ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. గడ్డపోతారం మందుల ఫ్యాక్టరీలో డ్రమ్ములకు అంటించే లేబుళ్ల ఫైళ్లన్నీ అందులోనే ఉంటాయి. పొద్దున రాగానే దాన్ని కళ్లకద్దుకుని, ఉఫ్‌మని ఊది కంప్యూటర్‌కు పెడతాడు. ఆఫీసులో కంప్యూటర్లను లైనక్స్ అనే కొత్త సిస్టమ్‌కు మార్చినా ఆ అలవాటు మారలేదు. దసరా మర్నాడు మాత్రం పెన్‌డ్రైవ్ తెరుచుకోలేదు. మౌంట్ కాలేదని, అంటే కంప్యూటర్‌కు అది అందలేదని, తెర మీద ఇంగ్లీషులో వచ్చింది. తీశాడు, ఊదాడు, మళ్లీ పెట్టాడు. లేబుళ్లు లేనిదే డ్రమ్ములు గేటు దాటవు. బయట లారీ హారన్ కొడుతోంది. సంగారెడ్డిలోని కంప్యూటర్ మెకానిక్ చంద్రకాంత్‌కు తెర ఫొటో పంపి, ఫోన్ చేశాడు.

"ఏంది తమ్మీ, లైనక్స్‌కు దీన్ని సూస్తె పడ్తలేదా?"

"లైనక్స్ తప్పు కాదన్నా. పెన్‌డ్రైవే సక్కగ ఆనుతలేదు. జెర దాని మూతి సూడు."

వెంకటేశం కళ్లజోడు సవరించుకుని చూశాడు. నిన్న ఆయుధపూజలో మిషన్లన్నిటికీ బొట్లు పెడుతూ, దీని మూతికీ తానే తడి కుంకుమ పెట్టాడు. అది లోపలికి దిగి గట్టిపడింది. "పూజ జేసుడు గూడ తప్పేనా?" అని ఫోన్ పెట్టేశాడు. బొట్టు తుడవడానికి వెంకటేశానికి చెయ్యి రాలేదు. లారీ మళ్లీ హారన్ కొట్టింది. అగ్గిపుల్లతో మెల్లగా గీకి, పొడి కింద పడకుండా అరచేతిలో పట్టాడు. ఈసారి పెట్టగానే లేబుళ్లు తెర మీదికి వచ్చాయి. సంతోషించాలో, దేవుడి బొట్టు గీకినందుకు భయపడాలో తెలియక, అరచేతిలోని కుంకుమను తన నుదుటికి పెట్టుకున్నాడు.